మీసాల కోడి పాట

1987లో నేను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, తెలుగువాళ్ళు చందాలతో నడుపుకునే చిన్న బడిలో పాటల టీచర్ని. తార్‌బహార్ వైపు పాత క్వార్టర్ల చివర ఉండేది ఆ బడి. పిల్లలంతా ఐదారేళ్ళవాళ్ళు. నాకున్న సామాను ఒక హార్మోనియం, దాని తిత్తికి అతుకులు. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఆ బడిలోనే, పిల్లల వెనక కూర్చుని, నలభై దాటాక నేర్చుకున్నాను. పాటలు మాత్రం చెవితో పట్టి నోటితో నేర్పేదాన్ని. ఆ వయసు పిల్లలకు ఎలాగూ అదే పద్ధతి.

పాటల టీచరు పని తేలిక అనుకుంటారు చాలామంది. భజన నేర్పడం తేలికే. నవ్వు పాట నేర్పడమే కష్టం. నవ్వొచ్చే చోటు రాకముందే పిల్లలు నవ్వేస్తారు. పాడేవాళ్ళు నవ్వితే వినేవాళ్ళు నవ్వరు. అందుకని ముందు పిల్లల్ని వాళ్ళ నవ్వు తీరిపోయేదాకా నవ్వించాలి. ఆ తరవాత నవ్వొచ్చే మాటకు ముందు తాళంలో ఒక దెబ్బ ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీలో నోరు మూసుకుని నిలబడగలిగిన పిల్లకే పాట అప్పగించాలి.

ఆ ఏడు వార్షికోత్సవానికి నేనే ఒక పాట కట్టాను. అది అర్థం కావాలంటే మా కాలనీ సంగతి చెప్పాలి. గూడ్స్ డ్రైవర్లకు ఇంటికి ఫోన్లు లేని రోజులు. కాల్‌బాయ్ అనే మనిషి సైకిలు మీద వచ్చి, తలుపు తట్టి, ఫలానా బండికి డ్యూటీ అని చెప్పి పుస్తకంలో సంతకం తీసుకునేవాడు. పేరుకు బాయ్ గాని మా కాల్‌బాయ్‌కి మనవలు ఉన్నారు. బొగ్గు బళ్ళు ఎక్కువై, మనిషి దిగి స్నానం చేసి రెండు ముద్దలు తినేలోపే మళ్ళీ పిలుపు వచ్చేది. రూలు ప్రకారం దక్కాల్సిన రెస్టు దక్కేది కాదు. అందుకని సైకిలు గంట వినపడితే మొగుడు దాక్కునేవాడు, పెళ్ళాం తలుపు దగ్గర నిలబడి "ఊరెల్లిపోనాడు" అనేది. కాల్‌బాయ్‌కి తెలుసు. తెలిసీ, లేడని రాసుకుని పక్కింటికి పోయేవాడు. అందరూ చేసిందే, అందరూ ఎరిగిందే. అలా దాక్కోకపోతే కళ్ళు మూతలు పడుతూ ఇంజను నడపాలి మరి.

పాట ఇది.

తలుపు తట్టె కాల్‌బాయ్ మామ టక టక టక
అయ్య ఊరు ఎళ్ళెనంది అమ్మ చక చక చక
మంచం కింద ఎవరమ్మా? కోడి మామా
కోడికి మీసాలేలమ్మా? పుంజు మామా

ఇక్కడ దెబ్బ ఖాళీ. ఆ ఖాళీ తరవాత మంచం కింద నుంచి పెద్ద తుమ్ము. పుంజు తుమ్మునా అమ్మా, జలుబు మామా, అంటూ మిగతాది.

తుమ్ము నూకాలుకి ఇచ్చాను. గూడ్స్ డ్రైవరు పైడిరాజు కూతురు అది, ఆరేళ్ళ గుంట. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. మిగతా పిల్లలు ఖాళీ దగ్గర కిసుక్కుమంటుంటే ఇది మొహం బిగించి, కళ్ళు పైకెత్తి, ఎంతసేపైనా ఆగేది. తుమ్మితే హార్మోనియం మీద నా వేళ్ళే తడబడేవి. అలాంటి తాళజ్ఞానం ఉన్న పిల్ల నాకు మళ్ళీ దొరకలేదు.

"పాటలత్తా, తుమ్మినాక నాను నవ్వొచ్చా?"

"నువ్వు నవ్వకూడదే. ఆళ్ళు నవ్వాల."

"మరి నానెప్పుడు నవ్వాల?"

"ఇంటికెల్లి నవ్వుకో."

వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా రైల్వే ఆఫీసరు వచ్చాడు. అంతకు ముందు వచ్చిన ఆఫీసర్లందరూ హిందీవాళ్ళు. ఈయన మనవాడు, విజయవాడ వైపు తెలుగు. మనవాడొచ్చాడని మా బడి సెక్రటరీకి కాళ్ళు నేల మీద లేవు. ఆఫీసరుకి మెత్త కుర్చీ, గంధం, రెండు దండలు.

పాట పేలింది. నూకాలు ఖాళీ దగ్గర ఆగినంతసేపు హాలు హాలంతా ఆగింది. తుమ్మింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కాల్‌బాయ్ ముసలాయన గోడకానుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆఫీసరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. స్టేజి ఎక్కి నూకాలుని దగ్గరికి తీసుకుని, తన మెడలో దండ తీసి దాని మెడలో వేశాడు. మైకు దాని నోటి దగ్గర పెట్టాడు.

"ఏమ్మా, మీ నాన్న కూడా ఇలాగే మంచం కింద దాక్కుంటాడా?"

"లేదండి. మా అయ్య మంచం కింద పట్టడండి. బియ్యం డబ్బా ఎనకాల నిలబడతాడు."

హాలు మళ్ళీ నవ్వింది. పైడిరాజు కూడా నవ్వాడు, నేను చూశాను. నూకాలు వాళ్ళమ్మ ఒక్కతే నవ్వలేదు.

"భలే. ఎవరి పిల్లండీ ఈ అమ్మాయి?" అన్నాడు ఆఫీసరు.

సెక్రటరీ పరుగున వెళ్ళి, చేతులు కట్టుకుని, పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఏ షెడ్డో కూడా చెప్పాడు.

ఆ వారం తిరక్కుండా పైడిరాజుకి చార్జిషీటు వచ్చింది. ఇంట్లో ఉండి డ్యూటీ పిలుపు ఎగ్గొట్టాడని. కాల్‌బాయ్‌ని కూడా పిలిచి, ఇకనుంచి ఇళ్ళలోకి వెళ్ళి చూడమన్నారు. ఆ ముసలాయన బియ్యం డబ్బాలు వెతకలేక ఆ ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. పైడిరాజుని అడవి వైపు ఒక చిన్న బొగ్గు సైడింగుకి మార్చారు. సైడింగు అంటే గనుల దగ్గర బళ్ళు నింపే లైను. అక్కడ బడి లేదు.

కాలనీ ఎవరి మీద కోప్పడింది? ఆఫీసరు మీద కాదు. పిల్ల మీద. కుళాయి దగ్గర ఆడవాళ్ళు దాన్ని చూసి "అయ్యని అమ్మేసిన గుంట" అన్నారు. వాళ్ళ మొగుళ్ళూ అదే పద్ధతిలో దాక్కున్నవాళ్ళే. తోటి పిల్లలు దాని వెనకాల తుమ్ముకుంటూ నడిచేవాళ్ళు. క్లాసులో అది నోరు కదిపేది గాని గొంతు వచ్చేది కాదు. ముప్పై గొంతుల్లో ఒకటి లేకపోతే నాకు తెలుస్తుంది. నా పని అదే కదా.

నేను సెక్రటరీ ఇంటికి వెళ్ళాను.

"ఆ పేరు సెప్పకపోతే ఏటి పోయేది బాబూ నీకు?"

"ఆఫీసరడిగితే సెప్పమా? అయినా అలాటి పాట నేర్పిందెవులు? నువ్వు కాదేటి?"

"నా పాటలో పేరు లేదు బాబూ. కోడుంది. పేరు నువ్వెట్టినావు."

ఆయన లోపలికి కేకేసి టీ తెప్పించుకున్నాడు. నాకు ఇమ్మనలేదు, నేను అడగలేదు.

సామాను లారీకెక్కించే రోజు పైడిరాజు బడికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా పడేదాన్ని కాదు, నా తప్పు లేదు గనక.

"అప్పా, పాట మాత్రం బాగున్నాది," అన్నాడు, అక్కని పిలిచినట్టు. "నా బతుకులో ఎప్పుడూ అంత నవ్వలేదు. గుంటకి సెప్పు, నాకు కోపం లేదని. నాను సెప్తే నమ్మట్లేదు."

చెప్పాను. నూకాలు విని, "అచ్ఛా," అంది. అంతే. ఆరేళ్ళ పిల్ల నోట ముసలమ్మ మాటలా ఉంది. ఆ తరవాత దాన్ని నేను చూడలేదు.

మరుసటి ఏడు ఆఫీసరుకి ప్రమోషన్ వచ్చింది. వీడ్కోలు సభ మా హాల్లోనే. సెక్రటరీ వచ్చి, సారు గారికి ఆ కోడి పాటే కావాలట, పిల్లల చేత మళ్ళీ పాడించమన్నాడు. సరేనన్నాను.

ఆ రోజు పిల్లల్ని నిలబెట్టి సరళీ స్వరాలు పాడించాను. సరళీ స్వరాలంటే సంగీతంలో మొదటి పాఠం, మాటలే ఉండవు. సరిగమపదనిస, ఎక్కడం, దిగడం. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఆవలించారు. సెక్రటరీ నాకేసి చేతులు తిప్పుతూనే ఉన్నాడు, నేను తిత్తి కొడుతూనే ఉన్నాను.

అయిపోయాక ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. "పోయినేడాది పాట పాడించలేదేమండీ?"

"పాట ఉందండి. తుమ్మే పిల్ల లేదు."

ఆయనకు గుర్తు రాలేదు. నిజంగానే గుర్తు రాలేదు. "ఏ పిల్ల?" అన్నాడు.

తరవాత చాలా ఏళ్ళు ఆ బడిలో పని చేశాను. కోతి పాటలు, వంకాయ పాటలు నేర్పాను, నవ్వించాను. కానీ ఇంట్లో సంగతి పాటలోకి రానివ్వలేదు. కొత్త టీచర్లు వచ్చి, నవ్వు పాట నేర్పేటప్పుడు ముందుగా ఏం చూసుకోవాలి అని అడిగితే, శ్రుతి కాదు, తాళం కాదు, ముందు వరుసలో ఎవరు కూర్చుంటారో చూసుకోండి అని చెప్పాను. ఇంకా అనుమానంగా ఉంటే సరళీ స్వరాలు పాడించండి అన్నాను. సరిగమపదనిసల్లో ఎవరి అయ్యా లేడు.