రెండు వాసాలు

మా అక్కయ్య పోయింది. కొళాయి దగ్గర వరసలో బిందె పెట్టి నిలబడింది. నిలబడిన మనిషి అట్లాగే గోడకు జారి కూర్చుంది, మళ్లీ లేవలేదు. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆవిడ బిందె వంతు వచ్చింది. ఎవరో పుణ్యాత్మురాలు దాన్ని నింపి పక్కన పెట్టింది. ఆ నీళ్లతోనే అక్కయ్యకు కడపటి స్నానం చేయించాం.

ఇది వాషర్‌మెన్‌పేటలో మేము అద్దెకుంటున్న ఇంటి సంగతి. మా సొంత ఇల్లు మాధవరంలో పూర్తయింది. వెల్ల వేయడం కూడా అయింది. వచ్చే శుక్రవారం గృహప్రవేశం. గోడ గోడకూ స్థలం చూపించిన మనిషి ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. చదువుతున్న అయ్యలారా, అమ్మలారా, నేను థర్డ్ ఫారం దాటని వాణ్ణి. సౌకార్‌పేటలో బట్టల కొట్లో గజంబద్ద పట్టుకునే ముసలివాణ్ణయ్యాను. రాయడం నాకు చేతకాదు. రాయకుండా ఉండటం కూడా చేతకావడం లేదు.

మొన్న మొన్నటి దాకా ఈ మద్రాసులో నా అంత సంతోషవంతుడు లేడు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన తర్వాత మా అమ్మాయి కడుపు పండింది. ఇటు ఇల్లు లేస్తోంది. కొట్టుకు వచ్చినవాళ్లకు గుడ్డ కొలుస్తూ కొలుస్తూ "మా వసారా దీనికి నాలుగింతలు పొడుగు తల్లీ" అని చెప్పేవాణ్ణి. చెబుతూ కొలత మరిచిపోయి మళ్లీ మొదటినుంచి కొలిచేవాణ్ణి. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఇంకెవరి సంతోషమో అనిపిస్తుంది.

అక్కయ్య నాకంటే పెద్దది. చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. అప్పటినుంచి ఆవిడ పడక నడవలోనే. ఎవరు బయటికి వెళ్లినా, లోపలికి వచ్చినా ఆవిడ కాళ్లు ముడుచుకోవాలి. ముడుచుకుని ముడుచుకుని చివరికి నిద్రలో కూడా ఆవిడ కాళ్లు చాపడం నేను చూడలేదు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వరు. ఆవిడ జపమాల, చిన్న అద్దం, తువ్వాలు అన్నీ గోనెసంచిలోనే. "నాకు ఇల్లొద్దురా, నేను కొట్టుకునే మేకొకటి ఉంటే చాలు" అనేది. మేకు కావాలంటే గోడ కావాలి కదా. ఆ గోడ నుంచే మా ఇల్లు మొదలైందని నేను అనుకుంటాను.

స్థలం కొన్నాక ఎవరో కాగితం మీద ప్లాను గీసి ఇచ్చారు. నేను దాన్ని తలకిందులుగా పట్టుకుని "బాగుంది బాగుంది" అన్నాను. అక్కయ్య దాన్ని చూడనే లేదు. మరుసటి ఆదివారం డబ్బాడు బియ్యప్పిండి తీసుకుని మాతో మాధవరం వచ్చింది. కొంగు బిగించి, ఆ ఖాళీ నేల మీద పిండితో ఇల్లు గీసింది. నిజం ఇల్లు ఎంత ఉండాలో అంత. మడమకు కాలివేలు తాకించి అడుగులు వేస్తూ, కొలుస్తూ, వంగి వంగి గీసింది. గీసిన తర్వాత మమ్మల్ని లోపలికి రమ్మంది.

నేను గీత దాటబోతే కసిరింది. "ఆడ గోడరా! గోడలోంచి వస్తావా? వాకిలి ఈడుండాది, తిరిగి రా!"

మా ఆవిడను వంటింటి గడిలో కూర్చోబెట్టింది. మా ఆవిడ అటూ ఇటూ చూసి, "పొయ్యి ఈడ పెడితే పొగంతా నీ గదిలోకే వస్తాది గదా వదినా" అంది.

"రానీలేమ్మా. ఏం వండుతుండావో లేవకుండానే తెలుస్తాది."

అందరం నవ్వాం. నవ్వాక మా ఆవిడ గొంతు తగ్గించి, "ఎవరన్నా చూస్తే... నువ్వు ముగ్గు పెట్టినావని..." అని ఆగిపోయింది. భర్త పోయిన ఆడది ముగ్గు పెట్టడమేమిటని అంటారని దాని భయం. అక్కయ్య చేతులు దులుపుకుంది. "ముగ్గైతే చుక్కలుండాల. దీనికి గోడలుండాయి. ఇది ముగ్గు గాదు, ఇల్లు" అంది.

రాతిపిండి తెచ్చుకుంటే చవక కదా అన్నాను. "ఎవరిల్లైనా మొదట కాపురం పెట్టేది చీమలేరా. వాటికి ఇంత తిండి పెట్టి పిలవాల" అంది.

పడమటి పక్క గది ఆవిడది. పురుడొచ్చినప్పుడు మా అమ్మాయిది. అమ్మాయి మంచం ఎటు వేయాలో, ఉయ్యాల ఎక్కడ కట్టాలో కూడా గీసింది. తన పడకకు మాత్రం ఒక గీత, పొడుగ్గా, కాళ్లు బాగా చాపుకునేంత.

ఇక మేస్త్రీ సంగతి చెప్పాలి. ఆయన అరవ మనిషి. తెలుగు అర్థమవుతుందనే అనుకుంటాడు. ఆ గదికి ఎండ తగలకుండా కప్పు కొంచెం బయటికి దించాలని అక్కయ్య ఉద్దేశం. "పడమటి పక్క ఇంకా రెండు వాసాలు పెట్టప్పా" అని చెప్పింది. పెంకుల కింద వేసే దూలాల్లాంటి కర్రలే కదా మనకు వాసాలంటే. అరవంలో వాసల్ అంటే వాకిలి. మేము మళ్లీ వెళ్లేసరికి పడమటి గోడలో రెండు వాకిళ్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

నేను గోల గోల చేశాను. మేస్త్రీ బిత్తరపోయి, "పెద్దమ్మ దానే సామీ రెండు వాసల్ అనింది! నేనూ అనుకునింటి, ఒక గదికి ఇన్ని వాసల్ ఎందుకు, దొంగలకా అని!" అన్నాడు.

అక్కయ్య ఇసక కుప్ప మీద కూలబడి నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆవిడ అట్లా నవ్వడం మా నాన్న ఉన్నప్పుడు చూశాను, మళ్లీ ఆ రోజే. నవ్వి, లేచి, ఒక వాకిట్లోంచి లోపలికి పోయి, రెండో వాకిట్లోంచి బయటికి వచ్చింది.

"దాన్ని మూసెయ్‌ప్పా. దీన్ని మటుకు ఉండనీ."

"ఎందుకక్కా?"

"గృహప్రవేశం నాడు నేను ముందర వాకిట్లో మీకు ఎదురు రాకూడదు గదరా. మీరు ఆవుతో ముందునుంచి రండి. నేను ఈడనుంచి వస్తా. నా వాకిలి నాకు ఉండాది, ఎవురికీ అడ్డం గాదు."

ఇదంతా ఆవిడ ఉల్లాసంగానే అంది. నేనే అటు తిరిగి ఇటుకలు చూస్తున్నట్టు నిలబడ్డాను.

పోయేముందు వారం కూడా వచ్చింది. ఆ వాకిలి బయట, దించిన కప్పు నీడలో, బియ్యప్పిండితో ఒక గీత గీసి, "ఈడ మెట్టొకటి కట్టించరా. నాకు మోకాళ్లు పట్టేస్తుండాయి" అని చెప్పింది. ఆ తర్వాత కొళాయి దగ్గర ఆ ఉదయం.

పురోహితులు వచ్చినప్పుడు ముహూర్తం మార్చాలి కదా, ఏడాది ఆగాలి కదా అని అడిగాను. ఆయన మంచివారు, మెల్లగానే చెప్పారు. "సోదరి కదండీ. ఇంకొక ఇంటికి ఇచ్చిన పిల్ల, గోత్రం వేరు. మీకు మూడు దినాలతో శుద్ధి. నిశ్చింతగా కానివ్వండి."

నిశ్చింతగా! జీవితమంతా మా నడవలో కాళ్లు ముడుచుకున్న మనిషి మా మనిషి కాదట. మూడు రోజులకే మేము శుభ్రం అయిపోతామట. మా అమ్మాయి పొట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. "నన్నూ ఇంకొక ఇంటికి ఇచ్చినారు గదా నాన్నా. అయితే నాకూ నీ దగ్గర మూడు రోజులేనా?" అంది. వాళ్లమ్మ దాని నోరు మూసింది.

ఏడాది ఆగుదామనే నేనన్నాను. ఆ ఇల్లు చూడలేను, తాళం వేసేద్దాం అన్నాను. మా ఆవిడ నన్ను చూసి, "పిల్లకు నెలలు నిండుతుండాయి. ఈ నడవలో, ఈ కొళాయి వరసలో పురుడు పోయమంటావా? వదిన ఆ గది ఎవురికి కట్టించింది?" అంది. అందుకే శుక్రవారం వెళుతున్నాం. మామిడాకులు కడతారు. పసుపు పూస్తారు. ఆవును తోలుకొస్తారు. నేను కొత్త పంచె కట్టుకుని నవ్వాలి. ఇంత దుఃఖాన్ని కొత్త పంచెలో ఎట్లా దాచాలో కొట్లో నాకెవరూ నేర్పలేదు.

నిన్న ఒక్కణ్ణే మాధవరం వెళ్లాను. మేస్త్రీ తాపీ పట్టుకుని నా కోసమే చూస్తున్నాడు. "పెద్దమ్మ లేదు గదా సామీ. ఆ వాసల్ మూసేసేదా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. మెట్టు కట్టమన్నాను. ఎక్కడ అని అడిగితే చూపిద్దామని పడమటి పక్కకు వెళ్లాను.

కప్పు నీడలో కదా, వాన తగలలేదు. గీత అట్లాగే ఉంది. కానీ ఒక పక్కనుంచి కరిగిపోతోంది. వంగి చూశాను. చీమలు. ఒక్కొక్కటీ తెల్లటి రవ్వంత పిండి నోట పట్టుకుని, బారుగా, ఎక్కడా ఆగకుండా, అక్కయ్య వాకిలి దాటి లోపలికి పోతున్నాయి.