ఆఖరి మలుపు దాటాక ఏడు నిమిషాలు

తిరుమల కొండ దిగే బండికి పై గేటులో టైము వేసి చీటీ ఇస్తారు, కింది గేటులో దాన్ని చూస్తారు. నిర్ణయించిన సమయం కన్నా ముందే దిగితే వేగంగా వచ్చినట్టే, జరిమానా తప్పదు. అందుకే డ్రైవర్లు మలుపుల్లో దూసుకొచ్చి, ఆఖరి మలుపు దాటాక బండ్లు ఓరగా ఆపుకుని, మిగిలిన నిమిషాలు కబుర్లతో గడిపేస్తారు.

అద్దె కారు తోలడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఒకసారి ముందే దిగాను. గేటు దగ్గరి మనిషి యాత్రికుల ఎదుట నన్ను కిందికి దింపాడు. "ఏమప్పా, పెద్ద దొర మాదిరి నిలబడుండావు? చేతులు కట్టుకోని తప్పైందని చెప్పు" అన్నాడు. చెప్పాను. బంగారుపాళ్యంలో మిగిలిన ఆఖరి మామిడి తోట అమ్మిన రోజు కూడా మా నాయన ఎవరి ముందూ చేతులు కట్టుకోలేదు. ఆ తర్వాత నేనెన్నడూ ముందు దిగలేదు.

ఒక మధ్యాహ్నం మా అక్కకు దర్శనమై బయటికి రాగానే గుండెలో నొప్పి మొదలైంది. పక్కనున్నవాళ్లు అంబులెన్సు పిలుస్తామన్నారు. తమ్ముడి కారుండగా అదెందుకని ఆమే వద్దంది. ఆ రోజు మలుపుల్లో వేగంగానే తోలాను. అద్దంలో ఆమె ముఖమంతా చెమట. ఆఖరి మలుపు దాటి చీటీ చూసుకుంటే ఇంకా ఏడు నిమిషాలున్నాయి. కారు ఓరగా ఆపాను.

"యాల ఆపినావురా?"

"టైము కాలేదక్కా. ఇప్పుడే పోతే గేటుకాడ నిలబెడతారు. వాళ్లను బతిమాలుకోవాల."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వద్దులే. ఆ మాటలు మనం పడేది వద్దు. నేను తట్టుకుంటాలే."

ఇద్దరం కూర్చున్నాం. కొంతసేపటికి వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసింది. తొందరపెడుతుందనుకున్నాను. మడత పడిన నా చొక్కా కాలరు సరిచేసింది.

గేటులో ఆ రోజు వేరే మనిషి ఉన్నాడు. వెనక సీటు చూసి, చీటీ అడగకుండానే అడ్డుకమ్మీ ఎత్తాడు.

"మనిషికి ఇట్లుంటే యాడా ఆగకుండా వచ్చేయాల గదప్పా. నిన్నెవరు అడగతారు?"

ఆసుపత్రి మెట్ల దగ్గర దింపేటప్పటికి ప్రాణం లేదు. ఇంకాస్త ముందు తెచ్చివుంటే అని మొదలుపెట్టి, నా ముఖం చూసి డాక్టరు ఆగిపోయాడు.

ఆ నిబంధన మలుపుల్లో ఎవరూ చావకూడదని పెట్టింది. మలుపులన్నీ దాటేశాక నేను ఆగింది దేనికోసమో నాకు తెలుసు.

కొండ ఎంతసేపట్లో దిగారని బావ అడిగాడు. నిబంధన ప్రకారమే దిగామని చెప్పాను.