సాయిలన్న బండి దిగిన చోటు

పటాన్‌చెరులోని మా ట్రాన్స్‌పోర్టు యార్డులో మొన్న పొద్దున్నే మెడలో తువ్వాల, చేతిలో చాయ్ గ్లాసుతో నడుస్తుంటే, ఎవరో టైర్లు కొడుతున్న చప్పుడు వినిపించింది. టప్, టప్, టప్, దుబ్. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. కొత్తగా చేరిన స్వరూప అనే డ్రైవరు కర్రతో ఒక్కో చక్రాన్ని తట్టుకుంటూ పోతోంది. గాలి నిండిన టైరు మీద కర్ర ఎగిరిపడుతుంది, గాలి దిగిన టైరు దెబ్బను మింగేస్తుంది. వెనక చక్రాలు జంటగా ఉంటాయి కనుక లోపలి టైరు మెత్తబడినా పైకి కనిపించదు, చెవికే తెలియాలి. ఆమె ఆ ‘దుబ్’ దాటి ముందుకు వెళ్ళబోతుంటే, “వెనక్కి రామ్మా, అది మళ్ళీ కొట్టు” అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, సాయిలన్నది.

కొత్త డ్రైవర్లకు నాలుగు మంచి మాటలు చెప్పమని మా ఓనరు ఏడాదికి రెండు మూడుసార్లు నన్ను నిలబెడతాడు. ఆఫీసువాళ్ళు అచ్చువేసిన కాగితం ఒకటి చేతికిస్తారు. బెల్టు పెట్టుకో, స్పీడు మించకు, ఫోను మాట్లాడకు, బండి కాగితాలు దగ్గర ఉంచుకో. అన్నీ నిజమే. అయితే కాగితం చదివి డ్రైవరైనవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. నన్ను డ్రైవర్ని చేసింది సాయిలన్న. సదాశివపేట వైపు పల్లెటూరి మనిషి, ముప్పై ఏళ్ళు రసాయనాల ట్యాంకరు నడిపినవాడు, ఒక్క మనిషికి కూడా గీత పడనివ్వనివాడు. అలాంటివాణ్ణి బండి దిగమని అడగాల్సిన రోజు నాకే వస్తుందని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళతో కొట్లాటకు దిగేవాణ్ణి.

మాది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాన్నకు ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం, బీరంగూడలో ఇల్లు. నేను డిప్లొమా చదివి మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేరాను. ఆ కంపెనీ మూతపడింది. ఆరు నెలలు ఖాళీగా తిరిగి, హెవీ లైసెన్సు తీసుకుని, లారీ ఎక్కుతానన్నాను. నాన్న పది రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ ఆ పది రోజులూ మా ఇద్దరి మధ్య మాటలు మోసింది. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, పౌరుషం మాత్రం ఇరవై మందికి సరిపోయేంత ఉంది.

మొదటి రోజు సాయిలన్న ముందుకు వెళ్ళి, “నమస్కారమండీ” అన్నాను. ఆయన యార్డు గేటు బయట కాలుస్తున్న బీడీ ఆర్పి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“లైసెన్సున్నదా?”

“ఉందండీ.”

“లైసెన్సుంటే డ్రైవరైతవా? పెండ్లి కార్డు అచ్చేసినంత మాత్రాన పెండ్లయినట్టేనా?” అని, “అండీ గిండీ నాకొద్దు. అన్నా అను, సాలు” అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు ‘డిప్లొమా సారు’ని.

నాలుగు రోజులు నన్ను స్టీరింగు ముట్టనివ్వలేదు. నా పని బండి చుట్టూ తిరిగి రావడం, ఏం చూశానో చెప్పడం. మొదటి రోజు ఒక చుట్టు తిరిగి వచ్చి, “అంతా బాగుంది అన్నా” అన్నాను.

“అంతా అంటే ఏంది?”

“అంటే... అంతా.”

ఆయన నా భుజం పట్టుకుని వెనక చక్రాల దగ్గరకు నడిపించాడు. లోపలి టైరు ముందు ఆయన ఎర్ర తువ్వాల మడిచి పెట్టి ఉంది. నేను చూడనే లేదు. “గిది నేను పెట్టిన. రేపు గీడ కుక్క పండుకుంటది. ఎల్లుండి ఎండకు తాళలేక మనిషే పండుకుంటడు. నువ్వు గప్పుడు గూడ అంతా బాగున్నదనే చెప్తవ్” అన్నాడు. మధ్యాహ్నం పూట లోడింగువాళ్ళు లారీల కింద నీడకు కునుకు తీయడం మా దగ్గర మామూలే. ఆ తువ్వాల తీసి దులిపి మెడలో వేసుకుని ఆయన వెళ్ళిపోయాడు. నాకు ఆ పూట అన్నం లోపలికి పోలేదు.

టైర్లు కొట్టడానికి ఆయన దగ్గర ఒక కర్ర ఉండేది. వాళ్ళ నాన్న పారకు ఉండిన కామ అది. పొలం ప్లాట్లయిపోయింది, పార తుప్పుపట్టింది, కామ మాత్రం బండెక్కింది. అందరూ జాకీ రాడ్డుతో కొడుతుంటే మీరెందుకు కర్రతో కొడతారని అడిగితే, “సాల్వెంటు బండి తమ్మీ, పెట్రోలు లెక్క అంటుకుంటది. ఇనుముతోని కొడితే రవ్వ లేస్తది. రవ్వకు మన పేరు తెల్వది” అన్నాడు. ఆయన పాఠాలన్నీ ఇలాగే ఉండేవి. సగం వెక్కిరింపు, సగం ప్రాణం కాపాడే మాట.

ట్యాంకరు అన్నింటికంటే మొండికేసేది సగం నిండినప్పుడు. ఒక కంపెనీలో సగం దింపి, మిగతాది ఇంకో కంపెనీకి పట్టుకెళ్ళేటప్పుడు లోపలి సరుకు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆయన సగం నీళ్ళున్న సీసాను నా ముందు డ్యాష్‌బోర్డు మీద పడుకోబెట్టి నడపమన్నాడు. “నిండు కుండ తొణకదని అందరు చెప్తరు. సగం కుండ సంగతి ఎవ్వరు చెప్పరు. సూడు, నువ్వు బ్రేకేసినవ్, ఆగినవ్. నీళ్ళు ఆగినయా? గా నీళ్ళు ముంగటికొచ్చి నిన్ను నూకుతయి. ఆగాలనుకున్న జాగకు ముందే ఆగాలె.” ఆ సీసా కదలకుండా యార్డు నుంచి ఇస్నాపూర్ దాకా వెళ్ళడానికి నాకు నెల పట్టింది. ఆ నెలంతా నాకు కలలో కూడా నీళ్ళే ఊగేవి.

ఆయన నన్ను ఎప్పుడూ తిట్టలేదంటే అబద్ధం. తిట్టాల్సిన రోజున మాత్రం తిట్టలేదు. బొల్లారంలో ఒక కంపెనీలోకి బండిని వెనక్కి పెడుతున్నాను. గేటు ఇరుకు. రోడ్డు మీద నా కోసం ఆగిన రెండు కంపెనీ బస్సులు హారన్ మోగిస్తున్నాయి. వెనక మూలన ఏముందో అద్దంలో కనిపించడం లేదు. దిగి చూడాలని అనిపించింది, బస్సుల్లోని వాళ్ళందరూ ‘కొత్తోడు’ అని నవ్వుతారని సిగ్గేసింది. గేటు దగ్గరి బిహారీ కుర్రాడు “ఆనే దో, ఆనే దో”, రానివ్వు రానివ్వు అంటుంటే వాణ్ణి నమ్మి వెనక్కి వదిలేశాను. గోడ మీదుగా వెళ్ళే పైపుల స్టాండుకు బండి తగిలింది. స్టాండు వంగింది. ఆ పైన జానెడు దూరంలో యాసిడ్ పైపు ఉంది.

అప్పుడు దిగాను. కాగితాల పని మీద లోపలికి వెళ్ళిన సాయిలన్న వచ్చి పైపు చూశాడు, నన్ను చూశాడు.

“దిగి సూసినవా?”

“లేదన్నా. బస్సులవాళ్ళు హారన్లు కొడుతున్నారని...”

“హారన్ కొట్టెటోనికి ఏం పోతది? పీపీ అంటడు, ఇంటికి పోతడు. రెండు నిమిషాల నామోషీకి ఓర్సుకోకపోతే జన్మంత ఫికర్ మోస్తవ్. డౌటొస్తే దిగాలె. గంతే.” ఆఫీసు వైపు చెయ్యి చూపించి, “ఇగ లోపలికి పో. ఇక్కడి ఇన్‌ఛార్జికి నీ నోటితోని చెప్పు. వాళ్ళొచ్చి అడగకముందే చెప్పాలె” అన్నాడు. వెళ్ళి చెప్పాను. చీవాట్లు తిన్నాను. తిరిగి వచ్చేసరికి వాళ్ళావిడ సత్తెమ్మ వదిన కట్టిచ్చిన జొన్నరొట్టెలో సగం నా కోసం డబ్బా మూత మీద పెట్టి ఉంచాడు. నాకు ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందని చెప్పాను, ఆయన నమ్మినట్టు నటించాడు.

ఒక ఆదివారం నన్ను దింపడానికి బీరంగూడ వచ్చినప్పుడు నాన్న ఆయనకు కుర్చీ వేసి, “మావాడు ఎలా నడుపుతున్నాడండీ?” అని అడిగాడు. సాయిలన్న ఆలోచించి, “జెర భయమున్నది సారూ. మంచిదే. భయం లేనోని బండ్ల నేనెక్క” అన్నాడు. నాన్న నవ్వాడు. ఆ తర్వాత నా ఉద్యోగం గురించి మా ఇంట్లో ఎవరూ గొణగలేదు.

ఏళ్ళు గడిచాయి. నాకు సొంతంగా బండి ఇచ్చారు. సాయిలన్న బండి దిగి చూడటం అంతకంతకూ ఎక్కువైంది. మలుపు దగ్గర దిగేవాడు, కాటా దగ్గర దిగేవాడు, ఖాళీ యార్డులో కూడా రెండుసార్లు దిగి వచ్చి బండి పెట్టేవాడు. మిగతా డ్రైవర్లు నవ్వుతుంటే నాకు కోపమొచ్చేది. వయసుతో పాటు జాగ్రత్త పెరిగింది, వీళ్ళకేం తెలుసని వాదించేవాణ్ణి. గురువు మీద ప్రేమ ఉంటే చూడాల్సింది కూడా కనిపించదు.

నా బండి మెకానిక్ షెడ్డులో ఉన్న ఒక రోజు ఆయన పక్కన కూర్చుని వెళ్ళాను. బొల్లారంలో సగం సరుకు దింపి, మిగతాది పటాన్‌చెరు అవతలికి తీసుకెళ్తున్నాం. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు వదిలారు. రోడ్డు నిండా బస్సులు, షేర్ ఆటోలు, టిఫిన్ డబ్బాల మనుషులు. “ముంగట పోయేది బస్సా, లారీయా?” అని అడిగాడు. పాత రోజుల్లోలా నన్ను పరీక్షిస్తున్నాడనుకుని, “బస్సు, బ్రేకు లైటు వెలిగింది” అని బుద్ధిగా చెప్పాను. అంతలో ఎడమ పక్కన ఆగిన ఆటోలోంచి ఒకావిడ రోడ్డు మీదికే దిగింది. నేరుగా మా ముందు. బండి వేగం తగ్గలేదు.

“అన్నా, ఎడమ!” అని అరిచాను.

బ్రేకు పడింది. లోపలి సరుకు మీదికొచ్చి మమ్మల్ని ఇంకో మూరెడు నెట్టింది. ఆవిడ చున్నీ మా బంపరును రాసుకుని పోయింది. ఏం తప్పిందో ఆవిడకు తెలియను కూడా తెలియదు, డబ్బా ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

సాయిలన్న మెల్లగా నడిపి బండిని రోడ్డు పక్కన ఆపాడు. “ఎండ కండ్లల్ల కొట్టింది” అన్నాడు. ఆ రోజు పొద్దుటి నుంచి మబ్బే. నేను మాట్లాడకపోతే ఆయన ఉద్యోగం ఉంటుంది, రేపు ఇదే రోడ్డు మీద ఎవరో ఒకరు ఉండరు. మాట్లాడితే నాకు అన్నం పెట్టిన చేతిని నేనే ఖాళీ చేసినట్టు. చివరికి ఆయన నేర్పిన మాటే దొరికింది.

“అన్నా, నాకు డౌటొచ్చింది.”

ఆయన స్టీరింగు మీది నుంచి చేతులు తీయకుండానే చెప్పాడు. ఎడమ కంటికి రెండేళ్ళుగా మసక, ఈమధ్య కుడి కన్నూ కాస్త మందగించింది. కంపెనీ కంటి పరీక్షల్లో లైనులో ముందు నిలబడ్డవాడు అక్షరాలు పైకి చదువుతుంటే విని, వరుస కంఠస్థం చేసి, అలాగే అప్పజెప్పి బయటపడ్డాడు. పెద్దగా చదువుకోని మనిషి ఆ అక్షరాలు ఎంత కష్టపడి నేర్చుకుని ఉంటాడో!

“గందుకే ఊకె దిగుతున్న తమ్మీ. దిగి దగ్గరకు పోతే కనవడ్తది. రోడ్డు మీద పోతుంటే దిగి సూడనీకి రాదు గద” అన్నాడు.

ఇంజన్ ఆపాడు. దిగాడు. కామ తీసుకుని బండి చుట్టూ తిరుగుతూ ఒక్క టైరు కూడా వదలకుండా కొట్టాడు. క్యాబిన్‌లో కూర్చుని ఆ చప్పుళ్ళు లెక్కపెట్టాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. చివరికి నా తలుపు తెరిచి, కామ నా ఒళ్ళో పెట్టి, “జరుగు” అన్నాడు. నేను స్టీరింగు వైపు జరిగాను. నేర్పడానికి కాకుండా ఆయన క్లీనరు సీట్లో కూర్చోవడం ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి. “ఆఫీసుల నేను చెప్తా. నువ్వు చెప్తే చాడీ అయితది. వాళ్ళడగకముందే నేనే చెప్పాలె” అన్నాడు. దారిలో ఒక్కసారి “బ్రేకు మంచిగ ఏస్తున్నవ్” అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆపరేషన్ చేయించాం. షుగరు వల్ల ఆ కన్ను పూర్తిగా తేరుకోలేదు. మళ్ళీ బండెక్కలేదు. ఇప్పుడు ఊళ్ళో ఉంటాడు, సత్తెమ్మ వదినతో కూరగాయల మడి దగ్గర పోట్లాడుతుంటాడు. ఫోను చేస్తే బాగున్నావా అని అడగడు. “దిగుతున్నవా?” అంటాడు.

కిందటి నెలలో మాకు కంటి పరీక్షలు పెట్టారు. నా ముందున్నతను అక్షరాలు గట్టిగా చదివాడు. కావాలని వినలేదు, అయినా వరుస మొత్తం నా బుర్రలో కూర్చుంది. నా వంతు వచ్చింది. కింది రెండు వరుసలు బూడిద పూసినట్టున్నాయి. నాలుక చివర అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి, ఇంట్లో పిల్లల చదువులు ఉన్నాయి. ఆ పరీక్ష కుర్చీలో సాయిలన్న ఎలా కూర్చుని ఉంటాడో ఒక్క క్షణంలో తెలిసింది. “కింద రెండు వరుసలూ కనిపించడం లేదండీ” అన్నాను. నాకు అద్దాలతో సరిపోయింది. ఆయనకు సరిపోలేదు. మా ఇద్దరికీ తేడా అంతే, అంతకంటే ఏమీ లేదు.

మొన్న ఆ మెత్త టైరుకు గాలి కొట్టించాక స్వరూపను బండి చుట్టూ ఇంకో చుట్టు తిరిగి రమ్మన్నాను. అంతకుముందే, ఆమె గాలి కొట్టిస్తుండగా, నేను బండి రెండో వైపు వెళ్ళి వచ్చాను. గేటు దగ్గర వెనక బండివాడు అప్పటికే హారన్ మీద చెయ్యి పెట్టాడు. ఆమె చకచకా తిరిగి వచ్చి, “అంతా బాగుంది సార్” అంది.

బీరంగూడలో పెరిగినా ఇంట్లో గోదావరి యాసే మాట్లాడే నా నోట్లోంచి, నేను అనుకోకుండానే, “అంతా అంటే ఏంది?” అని వచ్చింది.

ఆమె నా ముఖం చూసింది. హారన్ మోగుతూనే ఉంది. వెనక్కి వెళ్ళి, ఈసారి మోకాళ్ళ మీద వంగి, లోపలి టైరు ముందు నుంచి నా తువ్వాల తీసుకుని వచ్చింది.