దాసరయ్య మెడలో దండ

సుమలత ముందు లూదియా పేరెత్తకూడదు. ఎత్తితే ఆ పూట మా షాపులో ఎవరికీ టీ రాదు.

మాది ఆళ్లగడ్డలో ఫ్లెక్సీల షాపు. సుమలత కంప్యూటర్ మీద డిజైన్ చేస్తుంది. నేను, హరిని, తయారైన ఫ్లెక్సీలు మోసుకెళ్లి కడతాను. ప్రింటు కొట్టే మిషను మాత్రం నంద్యాలలో ఉంది. అక్కడి షాపూ మా ఓనరు సురేషన్నదే. ఇక్కణ్ణుంచి ఫైలు పంపితే అక్కడ లూదియా తెరిచి చూసి ప్రింటుకు వదులుతుంది. చుట్ట చుట్టిన ఫ్లెక్సీ బస్సులో మాకొస్తుంది.

కొత్త కంప్యూటర్ ఎప్పుడు కొన్నా నంద్యాలకే. లూదియా వాడి వదిలేసింది మాకు, అక్క విడిచిన గౌను చెల్లెలికి తొడిగినట్టు. తీరా చూస్తే వయసులోనూ పనిలోనూ పెద్దది సుమలతే. మండదూ మరి?

పొద్దున దాన్ని ఆన్ చేసి, షాపు ఊడ్చి, నీళ్లు చల్లి, పటానికి ఊదుబత్తి వెలిగించి వచ్చినా ఇంకా లేస్తూనే ఉంటుంది. ఒక్క ఫోటో లాగితే చాలు, తెర బిగుసుకుపోతుంది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న గిరాకీలు "ఏందమ్మా, నిద్రపోయిందా?" అని ఎకసెక్కాలు.

"అది ఆడ ఏసీలో కూచోని టకటకా కొడతాంది," అని సుమలత పళ్లు నూరేది. "దాని చేతిలో ఏముంది? అంతా మిషనుదే! ఈ కుర్చీలో కూచోబెడితే సాయంత్రానికి ఏడ్చి సస్తాది."

సురేషన్న మళ్లీ కొత్తదొకటి కొన్నాడనీ, ఎవరికివ్వాలో ఇంకా తేల్చుకోలేదనీ తెలిసినప్పటి నుంచి ఆమెకు తిండి సయించలేదు. "ఈసారి కూడా దానికే పోతే నేను పని మానేస్తా హరీ," అంది. అన్నంత పనీ చేసే మొండిది.

అంతలో ఊళ్లో తిరుపాలమ్మ పోయింది. మా వైపు శవం లేచేలోపు వాకిట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టాల్సిందే. లేకుంటే పిల్లలకు తల్లి మీద ప్రేమ లేదంటారు. కొడుకులు అమ్మానాయనల జంట ఫోటో తెచ్చారు. నాయన దాసరయ్య గుండ్రాయిలా బతికే ఉన్నాడు. ఫ్లెక్సీలో పోయినవాళ్లకే దండ వేయాలి, ఉన్నవాళ్లకు పొరపాటున కూడా వేయకూడదు.

సుమలత దండ లాగింది. తెర బిగుసుకుంది. "బిరీన కానీమ్మా, బస్సు పోతాది," అని కొడుకులు తొందరపెట్టారు. ఆమె కసిగా టపటపా నొక్కింది. చివరికి తిరుపాలమ్మ మెడలో దండ పడింది. బొమ్మంతా నిండేదాకా ఆగితే బస్సు అందదు కాబట్టి, సగం కనిపించగానే పంపేయడం సుమలతకు అలవాటు. అలాగే పంపేసింది. కొడుకులు వెళ్లిపోయారు.

ఆ తర్వాత తెర మెల్లగా నిండింది. దాసరయ్య మెడలోనూ దండ!

నా పైప్రాణాలు పైనే పోయాయి. కట్టేది నేను, తన్నులు తినేదీ నేనే.

"అక్కా, లూదియాకు ఫోన్ చెయ్! ఆపమను!"

"దానికా? నేనా?" సుమలత ముఖం మాడిపోయింది. "నా తప్పు దొరకాలనే సూస్తాంటాది అది. ఆ నిమిషమే సురేషన్న చెవిలో ఊదుతాది. ఇంగ కొత్తది నాకొచ్చినట్టే!"

"అయితే ఆ ముసలాయప్ప పెండ్లాం శవం పక్కన కూచోని తన మెడలో దండ సూసుకోవాల్నా?"

ఆమె నన్ను కాల్చేసేలా చూసింది. ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, గోడవైపు తిరిగి చేసింది.

"దండ సంగతేనా అక్కా? తీసేసినాలే," అంది లూదియా. "ఆ కంప్యూటర్ నా కాడున్నప్పుడు ఒకసారి పెండ్లికొడుకు ఫోటో ముందర దీపం పెట్టింది! బిగుసుకున్నప్పుడు నొక్కినవన్నీ కడుపులో పెట్టుకోని ఒకేసారి కక్కుతాది. నువ్వేం దిగులుపడాకు. సరైందే ప్రింటుకిచ్చినా."

సుమలత టక్కున ఫోన్ పెట్టేసింది. "సూసినావా, ఎంత గొప్పకు పోతాందో! అన్నకు చెప్పకుండా ఉంటాదా?" అని గొణిగింది.

చెప్పింది కూడా. రెండ్రోజులకు సురేషన్న కొత్త కంప్యూటర్ పెట్టె మోసుకొచ్చి సుమలత బల్ల మీదే పెట్టాడు. "లూదియా నా పానం తోడేసిందమ్మా. ఆ పాతదాంతో అక్క నానా అగసాట్లు పడతాంది, నాకు ఉండేది చాలు, ఈసారి ఆడికే ఇయ్యన్నా అని." దండ మాట ఆయనకు తెలియనే తెలియదు.

కొత్తది కన్ను మూసి తెరిచేలోపు లేచింది. మొదటి ఫైలు పంపి సుమలత నంద్యాలకు ఫోన్ చేసింది. "వచ్చిందా?"

"ఆగక్కా, తెరుచుకుంటాంది," అంది లూదియా.

నాకు నవ్వాగలేదు. ఆగమనే మాట ఇన్నేళ్లకు ఆ వైపు నుంచి వచ్చింది! ఫోన్ పెట్టేయగానే, "ఇప్పుడన్నా నీ కడుపు సల్లబడిందా అక్కా?" అన్నాను.

సుమలత నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యాడ సల్లబడేది? ఆగమని కూడా ఎంత నిమ్మళంగా చెప్పిందో ఇన్నావా? నేనైతే అడిగినోళ్ల మీద పడి కొరికేదాన్ని. కంప్యూటరంటే సురేషన్న కొనకొచ్చినాడు. ఆ గుణం యాడ కొనకొచ్చిస్తాడు నాకు?"