బాపు మెడలో తాళంచెవి

మా బడిలో డ్రిల్లు సారు విజిల్‌కు కట్టుకున్న తాడును లాన్యార్డు అనేవారు. పూర్వం ఫిరంగి పేల్చేవాళ్ళు దూరంగా నిలబడి గుంజే తాడుకూ అదే పేరట. ఇంటికొచ్చి గొప్పగా చెబితే బాపు నవ్వాడు.

గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగి మందు పేల్చడం బాపు పని. పేల్చే బ్యాటరీకి ఒక తాళంచెవి ఉండేది, అది తిప్పితే తప్ప మందు పేలదు. పాత నవారు నూలుతో అవ్వ, అంటే మా అమ్మ, పేనిన తాడుకు దాన్ని గుచ్చి మెడలో వేసుకునేవాడు.

"మాది గుంజెటందుకు గాదు బిడ్డా. నేను లోపల వైర్లు కలుపుతుంటె ఇంకోడు పేల్చకుంట. ఇది నా మెడల ఉన్నంతసేపు నాకు ఫికర్ లేదు," అన్నాడు.

మా క్వార్టరు కిందంతా బాయే. అన్నం వేళకు నేల అదిరి, గూట్లో గిన్నెలు మోగేవి. మీ బాపు పేల్చిండు అని అవ్వ నిమ్మళంగా వడ్డించేది. ఆయన క్షేమంగా ఉన్నట్టు మాకు అదే కబురు.

ఒకనాడు బాపు మొదటి షిఫ్టుకు వెళ్ళాక చూస్తే, స్నానానికి తీసిన తాడు తలుపు వెనక మేకుకే ఉంది. ఎవరితో పంపాలా అనుకుంటుండగానే గిన్నెలు మోగాయి. మేకు మీద తాళంచెవి ఊగింది. ఇది ఇక్కడుంటే అక్కడ పేల్చిందెవరు? అవ్వ దాన్ని పిడికిట్లో పట్టుకుని గడపలో కూలబడింది. బాయి మీదికి పోదాం లెమ్మని ఎంత గుంజినా కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

షిఫ్టు దిగి బాపు మామూలుగానే వచ్చాడు. చెవి మరిచిపోతే వేరే పని చెప్పారట. ఆ పూట వాళ్ళ బాయిలో మందే పేల్చలేదట. మరి గిన్నెలెందుకు మోగాయంటే, పక్క బాయిదేమో అంటూ చేతులు కడుక్కున్నాడు. మేమిద్దరం నమ్మలేదు. ఆనాటి నుంచి తాడు అవ్వే ఆయన మెడలో వేసి పంపేది.

కొన్నేళ్ళకు బాపు జ్వరంతో దవాఖానలో పోయాడు. తాళంచెవి కంపెనీది, తీసుకున్నారు. తాడు మాకు మిగిలింది. మాలో పూడ్చిపెడతారు. మట్టి వేయబోతుంటే అవ్వ ఆపి, కొంగున ఉన్న ఇంటి తాళంచెవిని ఆ తాడుకు గుచ్చి బాపు మెడలో వేసింది. ఇదేం పద్ధతని పెద్దలు విసుక్కున్నారు.

"ఈడ గూడ కింద బాయే. ఆయన లోపలుండంగ ఎవ్వలు పేల్చొద్దు," అంది.

అన్నం వేళ అయింది. అందరం కాళ్ళ కింది నేలను చూస్తూ నిలబడ్డాం. ఆ రోజు అది అదరలేదు. అదిరినప్పుడెన్నడూ నేనంత భయపడలేదు.