చెరకుతోట గట్టు మీద బెల్లం

నాగావళి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో మా ఊరు. ఇక్కడ అడవి జంతువులంటే ముంగిసలు, గబ్బిలాలు, ఎప్పుడైనా దారి తప్పిన నక్క. బస్సెక్కి నది వెంట పైకి పోయేకొద్దీ జాతులు పెరుగుతాయి. మెట్ట పొలాల్లో కుందేళ్లు, అడవిపందులు. కొండ కింద మా అక్క అత్తవారి ఊళ్లో ముళ్లపందులు, జీడితోటల్లోకి దిగే ఎలుగుబంట్లు. ఇంకా పైన కణుజులనే పెద్ద దుప్పులున్నాయంటారు, నేను చూడలేదు. మూర్ఖులు మాత్రం కింది నుంచి పైదాకా ఎక్కడైనా దొరుకుతారు.

ఒక యేడు ఒడిశా కొండల నుంచి ఏనుగులు దిగాయి. అక్క ఊళ్లో ఏనుగు అనరు, సామి అంటారు. అక్క చెరకుతోట కోతకొచ్చిందని సాయానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. బావ పోయాక ఆ ఒక్క తోట మీదే దాని బతుకు.

ఊరిపెద్ద అక్కకు వరసకు మావ. బెల్లం, అరటిగెల, కొబ్బరికాయలు మోయించుకుని ఊరందరితో బయల్దేరాడు. సామికి నైవేద్యమట. తెచ్చి తెచ్చి అక్క తోట గట్టు మీద పెట్టించాడు.

"ఇక్కడెందుకు మావా? రుసి మరిగితే మళ్లీ రావేటి?" అంది అక్క.

"ఒసే, సామినలాగ అనకూడదే! కడుపు నిండితే దీవించి ఎల్లిపోతాది," అన్నాడాయన.

అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అక్క చేను పెట్టి వీళ్ల పుణ్యం. ఆ మొహాలు చూస్తే నాకు రోత పుట్టింది.

ఏనుగులు బెల్లం తిన్నాయి. మర్నాడు తెల్లవారుతూనే మళ్లీ వచ్చాయి. గట్టు మీద ఏమీ లేదు, పక్కన చెరకుంది. తిన్నంత తిని మిగతాది తొక్కిపోయాయి. అక్క ఆ పిప్పిలో కూలబడి ఏడుస్తుంటే, ఊరు ఊరంతా సెల్‌ఫోన్లతో సామి అడుగుజాడలకు ఫొటోలు తీసుకుంది. ఒకావిడ ఆ గుంటల్లో కుంకుమ కూడా వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో మావ పెద్ద పళ్లెం నిండా బెల్లంతో, ఇంకో అరటిగెలతో దిగాడు. "సామికి సాలనేదు. ఈపాలి బాగా ఎట్టాల," అన్నాడు.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

"అలాగే మావా. పళ్లెం నేనే మోస్తాను. ఈపాలి నీ అరిటితోట గట్టు మీద ఎడదాం."

మావ దగ్గాడు. తన తోట వైపోసారి చూసుకున్నాడు.

"అలాగెలాగే? అడివి జంతువులకి అలవాటు సెయ్యకూడదు గదా," అన్నాడు.

ఇందాకటి సామి ఇంతలోనే జంతువైపోయింది. అక్క ఆయన చేతిలో పళ్లెం లాక్కుని నెత్తిన పెట్టుకుని ఆయన తోట దారి పట్టింది. అరటిగెల నేనెత్తుకున్నాను.

చెరకు పోయినప్పుడు కదలని జనం, మమ్మల్ని ఆపడానికి మాత్రం పరిగెత్తుకొచ్చారు.