పసుపు చుక్క పెట్టిన సీడీలు

యాకుత్‌పురా స్టేషనుకు పోయే దారిలో సక్కుబాయి చిన్నబడి నడిపేది. ముందుగదిలో పద్దెనిమిది మంది పిల్లలు, ఒక మూల కంప్యూటరు. రెండువేల ఒకటిలో ఆ కంప్యూటరును అమర్చి, యాభై ఏళ్ల సక్కుబాయికి మౌసు పట్టుకోవడం నేర్పినవాడు వీధి చివర సీడీల దుకాణం రామ్‌చందర్. “ఫికర్ చెయ్యకు అక్కా, అది కరవదు,” అని నవ్వించి మరీ నేర్పాడు. ఆ రోజు నుంచి అతడు ఆమెకు తమ్ముడే.

పిల్లల కంప్యూటరు ఆటల విషయంలో సక్కుబాయి పట్టింపు గట్టిది. రామ్‌చందర్ శనివారం తెచ్చిన ప్రతి ఆటనూ ముందు తానే వారం రోజులు ఆడేది. కొట్టడం, కాల్చడం కనబడితే ఆ రోజే వెనక్కి. గడియారం తరిమే ఆటలూ వెనక్కే. ఒక ఆటలో కుక్కపిల్లకు వేళకు తిండి పెట్టకపోతే అది మూలిగేది. చూడముచ్చటైన ఆటే. అయినా తిప్పి పంపింది.

“అది మూలుగుతుంటే పిల్లలు తమ బువ్వకు లేస్తరా?”

“నీ దగ్గర పాస్ కావాలంటే పదో తరగతి కన్న కష్టం అక్కా,” అన్నాడు రామ్‌చందర్.

నారుకు నీళ్లు పోయడం, కోళ్లకు గింజలు చల్లడం, పొరుగింటికి ఓ సొరకాయ పంపడం, మధ్యలో లేచిపోయినా ఏదీ చచ్చిపోకపోవడం: ఆమెకు కావలసిన ఆటలు అవి. అలాంటిది దొరికితే రామ్‌చందర్ అమ్మకానికి కాపీలు తీసి తెచ్చేవాడు. ఇంటికి వచ్చిన ప్రతి కొత్త వస్తువుకూ పెట్టినట్టే, ఒక్కొక్క అట్టమీదా ఆమె తన వేలితో పసుపు చుక్క పెట్టి ఇచ్చేది. అందుకు ప్రతిఫలంగా కప్పు చాయ్ కూడా పుచ్చుకోలేదు. జల్‌పల్లి కొత్త కాలనీల నుంచి వచ్చిన తల్లులు సైతం చుక్క చూసిగాని సీడీ ముట్టేవారు కాదు.

నాలుగేళ్లు గడిచాయి. ఒక ఉదయం సీతారావమ్మ తన కూతురు అభిజ్ఞను బడిలో దింపుతూ గుమ్మంలోనే ఆగింది. గుంటూరు నుంచి బదిలీపై వచ్చిన గుమాస్తా ఆమె. చేతిలో సీడీ.

“టీచరుగారూ, ఇది మీరు చూసిన ఆటేనాండీ? మూడు రోజులుగా పిల్ల పెరట్లోకి వెళ్లనంటోంది. కుక్కలొస్తాయట, తుపాకీ లేదట.”

అట్టమీద చుక్క ఉంది. తప్పు తనదేనేమో, ఏదో చూడకుండా వదిలేసిందేమో అని సక్కుబాయి తనను తానే నిలదీసుకుంది. పిల్లలు వెళ్లాక ఆడి చూసింది. ముందు తోటలే. నాలుగో తోటలో అడవికుక్కలు మీదపడ్డాయి, చేతికి తుపాకీ వచ్చింది. అసలు ఆ ఆటనే ఆమె ఎన్నడూ ఆడలేదు.

సీడీ పట్టుకుని రామ్‌చందర్ దుకాణానికి వెళ్లింది. గల్లాపెట్టె పక్కన చిన్న స్టీలు గిన్నెలో తడి పసుపు కనబడింది. రామ్‌చందర్ వేలి కొన పచ్చగా ఉంది.

“ఇది నేనెప్పుడు చూసిన, రామ్‌చందర్?”

అతడు దాచలేదు. అదే ఆమెను ఎక్కువ కోసింది.

“తోటల ఆటే గద అక్కా. నువ్వు చూసినా పాస్ చేద్దువని నేనే పెట్టిన. వారం రోజులు ఎవరు ఆగుతరు? చుక్క లేకుంటే ఒక్క తల్లి ముట్టదు.”

“ఎన్నిటికి పెట్టినవ్?”

“యాదికి లేదు. ఇంత లొల్లి ఏంది? పేరు నీకే వచ్చింది గద.”

“నా మాట నువ్వెట్ల ఇస్తవు తమ్మీ?”

రామ్‌చందర్ నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. సక్కుబాయి అతడి పచ్చని వేలిని చూసింది. మౌసు పట్టించిన ఆ చెయ్యే ఇది.

మరునాడు తల్లులందరినీ ఇళ్లలోని సీడీలు తెమ్మంది. జరిగింది నిలబడి చెప్పింది, రామ్‌చందర్ పేరుతో సహా. కుప్ప ముందు కూర్చుని తన చుక్కలేవో వేరు చేయబోయింది. సాధ్యం కాలేదు. ఆడిన ఆటలన్నీ పేరుపేరునా గుర్తులేవు. ఆమె వేలూ, అతడి వేలూ అట్టమీద ఒక్క తీరుగానే ఉన్నాయి. తడిగుడ్డ తీసుకుని అన్నిటినీ తుడిచేసింది, నాలుగేళ్లపాటు వారానికొకటిగా తాను ఆడి పెట్టినవాటిని కూడా.

“ఇక మేం దేన్ని నమ్మాలండీ?” అంది సీతారావమ్మ.

“పిల్ల పక్కన కూసొని మీరే ఆడుండ్రి అమ్మా. నన్ను గూడ నమ్మకుండ్రి.”

సీతారావమ్మ చెప్పులు విడిచి కంప్యూటరు ముందు కూర్చుంది. అభిజ్ఞ ఒళ్లోకెక్కింది. సక్కుబాయి పచ్చబడిన గుడ్డను బకెట్టులో పిండుతూ ఉండిపోయింది.